నూటికి అరవై రెండు పైసలు

మన ఇళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పుకోం. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటాం. నూటికి నెలకు ఎంత అన్నదే మన లెక్క. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. అందుకే పోస్టాఫీసులో "7.4 శాతం" అని బోర్డు కనిపిస్తే అది ఎక్కువో తక్కువో చాలామంది పెద్దవాళ్లకు ఒక పట్టాన తేలదు. మన లెక్కలోకి మార్చి చెప్తే వెంటనే తేలుతుంది. నూటికి నెలకు 62 పైసలు. మార్చి చెప్పిన మరుక్షణమే ఇంకో మాట కూడా వస్తుంది. "అరవై పైసల వడ్డీకా? బయట ఎవరికిచ్చినా రూపాయిన్నర కళ్లకద్దుకుని ఇస్తారు!"

సరిగ్గా ఈ మాటే పోయిన వారం ఒక మెయిల్‌లో చదివాను. రాసినామెకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 34 వేలు వస్తాయి. సొంతూరు గుంటూరు దగ్గర. వాళ్ల నాన్నగారు ఓ స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి 58 ఏళ్లకు రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ, వాడుకోని సెలవుల డబ్బు అన్నీ కలిపి 19 లక్షలు ఐదు వారాల కిందట బ్యాంకులో పడ్డాయి. ఈపీఎస్ పింఛను నెలకు 2,800. అమ్మకు 53. తమ్ముడు బీటెక్ రెండో ఏడాది, వాడి ఫీజులో సగం ఈ అమ్మాయే కడుతోంది. ఇల్లు సొంతమే, అద్దె లేదు. ఇంటి ఖర్చు నెలకు 13 వేలు.

నాన్నగారి ఆలోచన ఏమిటంటే, ఊళ్లో బాగా తెలిసిన ఒక మిర్చి వ్యాపారికి 10 లక్షలు రూపాయిన్నర వడ్డీకి ఇవ్వడం. మిగతా 9 లక్షలు "బ్యాంకులో పడుంటాయి". కూతురి ప్రశ్నలు రెండు. నాన్నకు నెలనెలా డబ్బు వచ్చేలా ఎందులో పెట్టాలి? తను నెలకు 8 వేలు దాచుకోవాలనుకుంటోంది, ఆర్‌డీ మంచిదా, చీటీ మంచిదా? మెయిల్ చివర్లో ఇంకో వాక్యం ఉంది: "ఈ వారంలోనే ఇచ్చేస్తానంటున్నారు, ఆయనకు ఏం చెప్పాలో తెలియట్లేదు." నాకు అసలు ప్రశ్న ఇదే అనిపించింది. ఆమె ఒప్పుకుంది కాబట్టి పేరు, ఊరు చెప్పకుండా ఇక్కడ రాస్తున్నా.

ముందు నాన్నగారి వైపు నుంచే చూద్దాం. 10 లక్షలకు రూపాయిన్నర వడ్డీ అంటే నెలకు 15,000. అదే 10 లక్షలు పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో, అదే ఎంఐఎస్‌లో, భార్యాభర్తల జాయింట్ ఖాతాలో పెడితే 7.4 శాతం చొప్పున నెలకు 6,167 వస్తుంది. తేడా 8,833. ఆయన చూస్తున్నది ఈ తేడానే. అది చిన్న తేడా అని నేను అనను. రిటైరైన మనిషికి నెలకు దాదాపు 9 వేలు అంటే ఇంటి ఖర్చులో మూడింట రెండు వంతులు.

ఇప్పుడు 10 లక్షలను ఆ 8,833తో భాగించండి. 113 వస్తుంది. అంటే ఆ వ్యాపారి 113 నెలలు, తొమ్మిదేళ్ల ఐదు నెలలు, ఒక్క నెల కూడా తప్పకుండా వడ్డీ కట్టి, ఆ తర్వాత ఐపీ పెట్టినా, మనం ఎంఐఎస్‌లో పెట్టినవాళ్లతో సమానంగా ఉంటాం. అంతకన్నా ముందు ఎప్పుడు చేతులెత్తేసినా మనకు నష్టమే. ఆయన మోసగాడే కానక్కర్లేదు. రెండు సీజన్లు కలిసిరాకపోతే చాలు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్‌లో జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు అని ధర ప్రకటించాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ పథకాన్ని కూడా ఎంఐఎస్ అనే పిలుస్తారు. ఒక ఎంఐఎస్ అవసరం పడే వ్యాపారంలో డబ్బు పెట్టడానికి ఇంకో ఎంఐఎస్‌ను కాదంటున్నామన్నమాట.

ప్రామిసరీ నోటు రాయించుకుంటాం కదా అంటారు. నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఈలోగా చెల్లు రాయించుకోవాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. తెలిసినాయన ఇంటికి వెళ్లి "నోటు మార్చండి" అని అడగడం ఎంత కష్టమో అప్పు ఇచ్చినవాళ్లకే తెలుసు. అడిగితే మొహం మాడ్చుకుంటారు, అడక్కపోతే నోటు పోతుంది. తెలిసినవాళ్లు అన్న ధైర్యం మన ప్రాంతానికి ఎంత ఖరీదు పడిందో చెప్పాలంటే అగ్రిగోల్డ్ ఒక్కటి చాలు. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థలో లక్షల మంది డబ్బు ఇరుక్కుపోయింది. ఇంటికొచ్చి డబ్బు కట్టించుకున్నవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో తెలిసిన ఏజెంట్లే.

అందుకని ఆమెకు రాసిందేమిటంటే, నాన్నతో "వద్దు" అని వాదించకండి. ముప్పై ఏళ్లు మిల్లులో కష్టపడి సంపాదించుకున్న డబ్బు మీద కూతురు "వద్దు" అంటే ఎవరికైనా పౌరుషం వస్తుంది. కాగితం మీద 113 అని రాసి ముందు పెట్టండి. ఆయనకు మొహమాటం ఉంటే లక్ష ఇవ్వమనండి. అది పోయినా ఇల్లు కదలదు. రెండు రోజులకు జవాబు వచ్చింది. కాగితం చూసి ఏమీ అనలేదట, రాత్రి భోజనాల దగ్గర మాత్రం "లక్షే ఇస్తాలే" అన్నారట.

సరే, ఇప్పుడు మిగిలిన డబ్బు సంగతి. స్కీముల పేర్లు చూడకముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. చేతిలో పెద్ద మొత్తం ఉంది, దాంట్లోంచి నెలనెలా కొంత కావాలి అన్నది నాన్న అవసరం. నెలనెలా కొంత మిగులుతోంది, అది చివరికి పెద్ద మొత్తం కావాలి అన్నది కూతురి అవసరం. రెండూ ఒకదానికొకటి తలకిందులు. పోస్టాఫీసులో రెంటికీ స్కీములున్నాయి, అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. మనం బోర్డులో ఎక్కువ శాతం ఉన్న గడి వెతుక్కుంటాం. అక్కడే తేడా కొడుతుంది.

దీనికి మంచి ఉదాహరణ ఎంఐఎస్, ఆర్‌డీ జోడీ. చాలా ఏళ్లుగా వినిపించే చిట్కా ఇది: "ఎంఐఎస్‌లో పెట్టండి, నెలనెలా వచ్చే వడ్డీని ఆర్‌డీలో వేయండి, రెండు వైపులా వడ్డీ!" వినడానికి బాగుంటుంది. లెక్క వేద్దాం. 9 లక్షలు ఎంఐఎస్‌లో పెడితే నెలకు 5,550 వస్తుంది. దాన్ని ఐదేళ్లపాటు 6.7 శాతం ఆర్‌డీలో కడితే చివర్లో సుమారు 3 లక్షల 96 వేలు. అసలుతో కలిపి 12 లక్షల 96 వేలు. అదే 9 లక్షలు అదే పోస్టాఫీసులో, పక్క కౌంటర్ కూడా కాదు అదే కౌంటర్‌లో, ఎన్‌ఎస్‌సీలో పెట్టి ఊరుకుంటే? 7.7 శాతం, ఏడాదికోసారి చక్రవడ్డీ. ఐదేళ్లకు 13 లక్షల 4 వేలు. ఏ పనీ చేయనివాళ్లకే 8 వేలు ఎక్కువ. నెలనెలా ఖర్చుకు డబ్బు అవసరం లేనివాళ్లు నెలనెలా డబ్బిచ్చే స్కీములో చేరి, వచ్చిన డబ్బును మళ్లీ దాచడానికి ఇంకో స్కీము వెతుక్కోవడం అన్నమాట.

మరి ఆ చిట్కా ఎందుకంత పాపులర్ అయింది? ఆర్‌డీ కట్టించే మహిళా ఏజెంట్లకు ప్రభుత్వం 4 శాతం కమిషన్ ఇస్తుంది. అది మన జేబులోంచి పోదు, అందులో తప్పూ లేదు. ఇంటికొచ్చి డబ్బు తీసుకెళ్లే ఆ ఆంటీలు లేకపోతే మన అమ్మల్లో చాలామంది ఒక్క రూపాయి దాచేవాళ్లు కాదు. కానీ ఆమె చెప్పే చిట్కాలో ఆమె లాభం కూడా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

ఇక నాన్నగారి డబ్బు. ఆమె మెయిల్‌లో ఎంఐఎస్ ఉంది, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చేది మాత్రం లేదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము, 8.2 శాతం. మన లెక్కలో 68 పైసలు. ఆమె దాన్ని ఎందుకు రాయలేదో తెలుసు. "నాన్నకు ఇంకా 60 రాలేదు కదా." చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ 55 దాటి, 60 నిండకముందే రిటైరైనవాళ్లు కూడా ఇందులో చేరొచ్చు. షరతు ఒక్కటే, రిటైర్మెంట్ డబ్బు చేతికందిన 3 నెలల్లోపు ఖాతా తెరవాలి. 2023 నవంబరు వరకూ ఈ గడువు ఒక్క నెలే ఉండేది, అప్పుడు పెంచారు. పెట్టే మొత్తం ఆ రిటైర్మెంట్ డబ్బుకు మించకూడదు. స్కీము మొత్తం పరిమితి 30 లక్షలు.

వీళ్లకు ఐదు వారాలు అయిపోయాయి. ఇంకో ఎనిమిది వారాలున్నాయి. పీఎఫ్ ఒక తేదీన, గ్రాట్యుటీ ఇంకో తేదీన పడి ఉంటే ముందు పడినదాని నుంచే రోజులు లెక్కపెట్టుకోవడం క్షేమం. ఆ గడువు దాటితే ఆయన 60 నిండేదాకా ఈ తలుపు మూసుకుపోతుంది, అంటే దాదాపు రెండేళ్లు. డబ్బు మిర్చి వ్యాపారి దగ్గర ఉన్నా, బ్యాంకు సేవింగ్స్‌లో ఊరికే పడున్నా ఆ గడువు మాత్రం ఆగదు. ఈ వారం కాలమ్ రాయడానికి అసలు కారణం ఇదే. మీ ఇంట్లో ఎవరైనా ఈమధ్యే 58కి రిటైరై ఉంటే ఇక్కడ చదవడం ఆపి ముందు వాళ్లకు ఫోన్ చేసినా నాకు అభ్యంతరం లేదు.

లెక్క చూడండి. 12 లక్షలు సీనియర్ స్కీములో పెడితే మూడు నెలలకోసారి 24,600. నెలకు వేసుకుంటే 8,200. అదే 12 లక్షలు జాయింట్ ఎంఐఎస్‌లో పెడితే నెలకు 7,400 (ఒక్కరి పేరు మీదైతే 9 లక్షలకు మించి పెట్టనివ్వరు, జాయింట్‌గా అయితే 15 లక్షలు). నెలకు 800 తేడా అంటే ఐదేళ్లకు 48 వేలు. "కానీ ఇది మూడు నెలలకోసారి కదా, నెలనెలా పాలవాడికి ఏమివ్వాలి?" అని అడుగుతారు. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి ఒకటో తేదీల్లో వడ్డీ పడుతుంది. మొదట్లో ఒక్కసారి రెండు మూడు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో పక్కన పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఇక ఎప్పటికీ ఉండదు. నెలవారీ అన్న మాట కోసం ఏడాదికి దాదాపు 10 వేలు వదులుకోవడం నాకు సబబుగా అనిపించదు.

మరి మొత్తం 19 లక్షలూ అందులోనే పెట్టేస్తే? నెలకు 12,983 పడుతుంది, అంకె ముచ్చటగానే ఉంటుంది. అయినా నేను వద్దన్నాను. నా సలహా 12 లక్షలు సీనియర్ స్కీము, 5 లక్షలు అమ్మ పేరు మీద ఎంఐఎస్, 2 లక్షలు బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా. నాన్నగారు ఆ లక్ష వ్యాపారికి ఇస్తే 12ను 11 చేసుకోమన్నా, అమ్మ 5 లక్షల జోలికి మాత్రం వెళ్లొద్దన్నా.

ఎందుకంటే, ఆ ఇంట్లో అమ్మ పేరు మీద ఇప్పటిదాకా ఒక్క పాస్‌బుక్ కూడా లేదట. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె డబ్బంతా పోపుల డబ్బాలోనే. నాన్నకు ఏదైనా జరిగితే, చెప్పుకోవడానికి ఇష్టపడకపోయినా లెక్కలో పెట్టాల్సిన మాట ఇది, ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు తేలేదాకా నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో కూడా ఎవర్నీ అడగకుండా ఆమె ఖాతాలో నెలకు 3,083 పడుతూ ఉంటుంది. కూతురు పంపే డబ్బూ కాదు, భర్త ఇచ్చే డబ్బూ కాదు. సీనియర్ స్కీము కన్నా ఈ 5 లక్షల మీద నెలకు 330 రూపాయలు తక్కువ వస్తుంది. ఆ 330 ఇచ్చి అమ్మకు సొంత రాబడి కొంటున్నాం అనుకోండి.

ఆ 2 లక్షలు ఎందుకంటే, ఈ స్కీములు మధ్యలో కదిపితే కోత పెడతాయి. ఎంఐఎస్‌ను మొదటి ఏడాది మూయనివ్వరు. మూడేళ్లలోపు మూస్తే అసలులో 2 శాతం, ఆ తర్వాతైతే 1 శాతం కోస్తారు. సీనియర్ స్కీము ఏడాదిలోపు మూస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి లాగేసుకుంటారు. రెండేళ్లలోపైతే ఒకటిన్నర శాతం, తర్వాతైతే ఒక శాతం కోత. ఆస్పత్రి ఖర్చు వచ్చిన రోజున ఈ లెక్కలు చూసుకునే పరిస్థితి ఉండకూడదు.

మొత్తం కూడితే 8,200, 3,083, పింఛను 2,800. నెలకు 14,083. నాన్నగారి మొదటి ప్లాన్‌లో సేవింగ్స్ వడ్డీ కూడా కలుపుకుంటే 19 వేల పైనే వచ్చేది. తేడా ఐదున్నర వేలు. ఆ ఐదున్నర వేలే 10 లక్షలను ఒకే మనిషి చేతిలో పెట్టడానికి ఆయనకు దొరికే కూలి.

ఇందులో ఒక లోటు ఉంది, దాచిపెట్టను. ఈ 14 వేలు ఐదో ఏడాది కూడా 14 వేలే. ఖాతా తెరిచిన రోజు వడ్డీ రేటే చివరిదాకా ఉంటుంది, అదే దీని బలం, అదే బలహీనత. బియ్యం బస్తా ధర, గ్యాస్ బండ ధర మాత్రం అలా ఆగవు. అందుకే ఖర్చు పోగా మిగిలే వెయ్యి రూపాయలను మొదటి నెల నుంచే అమ్మ పేరు మీద ఆర్‌డీ కట్టమన్నా. ఐదేళ్లకు 71 వేలు అవుతుంది. ఇంతకుముందు తిట్టిన చిట్కాయే కదా అంటారేమో. కాదు. వడ్డీలో ఎక్కువ భాగం తిని, మిగిలిన కొసరు దాచడం వేరు, తినకుండా మొత్తం తిప్పడం వేరు.

రేట్ల గురించి ఒక మాట. వీటిని ప్రభుత్వం ప్రతి మూడు నెలలకూ ప్రకటిస్తుంది. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది, బ్యాంకు డిపాజిట్ల రేట్లు దిగాయి, పోస్టాఫీసు రేట్లు మాత్రం ఏడాదంతా కదల్లేదు. ఇలా ఎల్లకాలం ఉంటుందనుకోవడం అత్యాశ. ఇప్పుడు తెరిచినవాళ్లకు ఇప్పటి రేటు ఐదేళ్లు ఖాయం. మీరు తెరిచే రోజున రేటు ఎంతుందో ఇండియా పోస్ట్ సైట్‌లో ఒకసారి చూసుకోండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లో చూడకండి. 2025 మార్చి 31తో మూసేసిన మహిళా సమ్మాన్ పథకాన్ని "మహిళలకు శుభవార్త" అంటూ ఇప్పటికీ పంపిస్తున్నారు.

ఇప్పుడు కూతురి 8 వేలు.

ఆమె మొదట అనుకున్నది పోస్టాఫీసు ఆర్‌డీలో 8 వేలూ కట్టేయడం. ఐదేళ్లు కడితే కట్టింది 4 లక్షల 80 వేలు, వచ్చేది సుమారు 5 లక్షల 71 వేలు. బాగానే ఉంది. కానీ పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది ఒక్కటే ఉంటుంది. మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు. మూడేళ్ల తర్వాత, ఐదేళ్లలోపు మూస్తే ఇచ్చేది సేవింగ్స్ ఖాతా వడ్డీ, 4 శాతమే. ఏడాది కట్టాక కట్టినదాంట్లో సగం వరకూ అప్పు ఇస్తారు, దానికి ఆర్‌డీ వడ్డీ మీద ఇంకో 2 శాతం కట్టాలి. తమ్ముడి ఫీజు ఇంకో రెండేళ్లు ఉంది. ఫీజు కట్టాల్సిన నెలలో సొంత డబ్బు మీద అప్పు తీసుకోవడం ఎందుకు?

అందుకే రెండు ముక్కలు చేయమన్నా. 4 వేలు బ్యాంకులో రెండేళ్ల ఆర్‌డీ. పెద్ద బ్యాంకుల్లో ఆరు, ఆరున్నర శాతం మధ్య ఇస్తున్నారు, తక్కువే, కానీ రెండేళ్లకు చేతికొస్తుంది. మిగతా 4 వేలు పోస్టాఫీసు ఆర్‌డీ, ఐదేళ్లకు 2 లక్షల 85 వేలు. అది ఆమెది. పెళ్లికో, పై చదువుకో, ఉద్యోగం మానేయాలనిపించిన రోజుకో, ఆమె ఇష్టం. దాన్ని కూడా ఒకే ఖాతాగా కాకుండా 2 వేలవి రెండు తెరిస్తే ఇంకా మంచిది. అవసరం వస్తే ఒకటి మూసి రెండోది ఉంచుకోవచ్చు.

ఇక్కడో చిన్న కిటుకు, కౌంటర్‌లో ఎవరూ చెప్పరు. ఆర్‌డీని నెలలో 15వ తేదీలోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపు కట్టాలి. 16 తర్వాత తెరిస్తే నెలాఖరుదాకా టైముంటుంది. మీ జీతం ఆలస్యంగా పడే కంపెనీ అయితే 16 తర్వాతే తెరవండి. ఒక నెల తప్పితే నూటికి రూపాయి జరిమానా, 4 వేలకు 40 రూపాయలు. నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, ఆ తర్వాత రెండు నెలల్లోపు బాకీ కట్టి మళ్లీ నిలబెట్టుకోవాలి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు యాప్‌లో ఖాతా నంబరు వేసి ఫోన్‌లోంచే కట్టొచ్చు కాబట్టి లైన్లో నిలబడే బాధ లేదు.

చీటీ సంగతి. ఆఫీసులో ఒక అక్క నడుపుతోందట, లక్ష చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకు 5 వేలు. "ఆఖర్న ఎత్తుకుంటే బాగా మిగులుతుంది" అందట. మిగులుతుందా? అది ఆమె చేతుల్లో లేదు, మిగతా 19 మంది చేతుల్లో ఉంది. డబ్బు అవసరం ఎక్కువై వాళ్లు పాట గట్టిగా పాడితే మిగిలినవాళ్లకు వాటా ఎక్కువ వస్తుంది. సగటున నెలకు 600 వాటా వచ్చిందనుకోండి. కట్టింది 88 వేలు, చివర్లో 5 శాతం కమిషన్ పోగా వచ్చేది 95 వేలు, మిగులు 7 వేలు. పాట చప్పగా సాగి వాటా 400 దగ్గరే ఆగితే కట్టింది 92 వేలు, మిగులు 3 వేలే. అంటే ఆమె లాభం ఇతరుల అవసరం మీద ఆధారపడి ఉంది. ముందే ఎత్తినవాళ్లలో ఇద్దరు కట్టడం మానేస్తే ఆ 3 వేలు కాదు, అసలే వెతుక్కోవాలి.

చీటీని తిట్టడం నాకిష్టం లేదు. ఎప్పుడో ఒకప్పుడు హఠాత్తుగా లక్ష కావాల్సి వచ్చే చిన్న వ్యాపారికి అది బ్యాంకు కన్నా దగ్గర, ఏ కాగితమూ అడగదు. రిజిస్టరైన చీటీకి 1982 నాటి చట్టం ఉంది, చిట్స్ రిజిస్ట్రార్ ఉన్నాడు. కానీ అది సగం పొదుపు, సగం అప్పు. అప్పు అవసరం లేని మనిషి దాంట్లో చేరడమెందుకు? పైగా ఆఫీసు అక్క చీటీకి రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే ఈమెకు తెలియదు.

పీపీఎఫ్ కూడా అడిగింది. 15 ఏళ్లు, 7.1 శాతం, వడ్డీ మీద పన్ను లేదు. 27 ఏళ్ల మనిషికి మంచి స్కీమే, తమ్ముడి ఫీజు అయ్యాక. ఇప్పుడు 500 రూపాయలతో ఖాతా తెరిచి ఉంచితే 15 ఏళ్ల లెక్క ఇప్పటినుంచే మొదలవుతుంది. ఏడాదికి 500 వేస్తే ఖాతా బతికి ఉంటుంది. ఎక్కువ కట్టే రోజులు వచ్చాక నెలలో 5వ తేదీలోపు కట్టాలని గుర్తుంచుకుంటే చాలు, 6న కడితే ఆ నెల వడ్డీ పోయినట్టే.

మీలో కొందరికి పోస్టాఫీసు అంటే నవ్వు రావచ్చు. ఫోన్ తెరిస్తే చాలు, యాప్‌లో చిన్న ఫైనాన్స్ బ్యాంకుల ఎఫ్‌డీలు, ఇంకాస్త కిందికి జరిపితే 12 శాతం బాండ్లు. బ్యాంకు ఎఫ్‌డీ అయితే అసలు, వడ్డీ కలిపి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకూ డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. ఆ గీత దాటకుండా పెట్టుకోవచ్చు. బాండు డిపాజిట్ కాదు. ఒక కంపెనీకి మీరిచ్చే అప్పు. దానికి ఈ ఇన్సూరెన్స్ లేదు. 12 శాతం అంటే ఎంత? రూపాయి వడ్డీ. నాన్నగారు మిర్చి వ్యాపారికి ఇద్దామనుకున్నదీ ఇదే పని, కాకపోతే ఆయనకు ఆ మనిషి ఇల్లయినా తెలుసు.

ఆమెకు చివరగా రాసిచ్చిన పనులు ఇవి. సోమవారం నాన్నగారు మిల్లు ఆఫీసుకు వెళ్లి రిటైరైన తేదీ, హోదా, ఎన్నేళ్లు పనిచేశారు, ఏ డబ్బు ఎంత ఇచ్చారు అన్నీ రాసిన సర్టిఫికెట్ తీసుకోవాలి. డబ్బు పడిన తేదీ కనిపించేలా బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించాలి. ఈ రెండూ లేకుండా 58 ఏళ్ల మనిషి కౌంటర్‌కు వెళ్తే "60 నిండాక రండి" అని పంపించే అవకాశం ఉంది. ఖాతా పోస్టాఫీసులోనైనా, ఈ స్కీము ఉన్న బ్యాంకులోనైనా తెరవొచ్చు. వడ్డీ ఏడాదికి 98,400 వస్తుంది, 50 వేలు దాటింది కాబట్టి టీడీఎస్ కోస్తారు. ఆయనకు పన్ను పడేంత ఆదాయం లేదు కనుక ప్రతి ఏప్రిల్‌లో డిక్లరేషన్ ఫారం ఇస్తే కోయరు. అమ్మ ఎంఐఎస్ వడ్డీ ఆమె సేవింగ్స్ ఖాతాలోకి తనంతట తాను పడేలా అదే రోజు రాయించాలి. తీసుకోకుండా వదిలేసిన వడ్డీకి వడ్డీ రాదు. నామినీ గడి ఖాళీగా వదలొద్దు, అమ్మ ఖాతాలో కూడా. ఆమె సంతకం పెట్టేటప్పుడు పాస్‌బుక్ ఆమె చేతికే ఇప్పించమని కూతురికి విడిగా చెప్పాను.